బాకు నుంచి చాకు దాకా

నా రాతబల్ల మీద ఒక చిన్న కత్తి ఉన్నది. అలుగు, అంటే కోసే ఉక్కు భాగం, మూడున్నర అంగుళాలు. పిడి నాలుగు అంగుళాలు, చింతచేవతో చేసినది. అలుగు మీద పువ్వు లేదు, లత లేదు. చేసినవాడి గురుతు కూడా లేదు. బొబ్బిలికి కొద్ది మైళ్ళ దూరంలోని ఒక ఊరిలో, డెబ్బయి ఏళ్ళు దాటిన ఒక కమ్మరి దీన్ని చేసి ఇచ్చాడు. కొడవళ్ళు, మచ్చుకత్తులు, కత్తిపీటలు చేస్తూ బ్రతుకంతా గడిపిన మనిషి ఆయన. మొలలో పెట్టుకొని తిరిగే కత్తిని ఇంత సాదాగా చేయటం ఆయనకు ఇదే మొదలు.

ఆయన తండ్రి నాటి మాదిరి వేరు. కొలిమి పక్కన గోడ గూట్లో దాచిన ఆ పాత కత్తిని నాకు తీసి చూపించాడు. గేదెకొమ్ము పిడి, దాని మెడకు రెండు ఇత్తడి పొన్నులు, చిలుకముక్కులా వంగిన కొన, వెన్ను పొడుగునా సన్నని గాడి. అటువంటిది ఒకటి చేయాలంటే మూడు రోజుల పని. మూడు రోజుల కూలి ఇచ్చి కొనేవాడు ఇప్పుడు లేడు. సంతలో ముప్ఫయి రూపాయలకు తుప్పు పట్టని చాకు దొరుకుతున్నది. అందుకని పొన్నులు, కొమ్ము, గాడి అన్నీ వదిలేసి, ఒక పూటలో పూర్తయ్యే చిన్న కత్తిని మొదలుపెట్టాడు. నేను కొన్నది అందులో రెండవది.

"గురుతు వేయలేదేం తాతా?" అని అడిగాను.

"ఇందల పనేటున్నాది బాబూ? కొమ్ము నేదు, ఇత్తడి నేదు. దీని మీద గురుతెట్టుకుంటే మా అయ్య నవ్వుతాడు," అన్నాడు.

ఈ వ్యాసానికి కారణం ఆ మాటే. సాదా కత్తి చేయటం తన విద్యకు తలవంపు అని ఆయన నమ్మకం. అది నిజమేనా అని నాకు సందేహం కలిగినది. ఆ సందేహం తీర్చుకోవటానికి మన ప్రాంతపు కత్తుల చరిత్రను కొంత తిరగవేశాను.

మొదట మాటల సంగతి. చిన్న కత్తికి మన భాషలో పేర్లకు కొదవ లేదు. బాకు, చురకత్తి, పిడిబాకు, కటారి అన్నవి పోట్లాటకు పనికివచ్చేవి. చాకు అన్న మాట పారశీకం నుంచి ఉర్దూ మీదుగా మన ఇళ్ళలోకి వచ్చినది. బాకు అనగానే మనకు రక్తం గుర్తుకు వస్తుంది, చాకు అనగానే మామిడికాయ గుర్తుకు వస్తుంది. కొలత ఒకటే కావచ్చును, ఉక్కు ఒకటే కావచ్చును. తేడా అంతా పట్టుకున్న చేతిలోనే ఉన్నది. నిన్నమొన్నటి దాకా పల్లెలో చిన్న కత్తి లేని మొల అరుదు. పొగాకు కోయటానికి ఒకరికి, తాటిముంజ తీయటానికి ఒకరికి, వల తాళ్ళు తెంపటానికి మరొకరికి అది కావాలి. తాటాకుల మీద రాసే రోజుల్లో ఆకును అంచు వెంట సరిచేయటానికి కరణానికీ ఒక కత్తి ఉండేది. రాసే గంటమూ కమ్మరి చేతి ఇనుమే. ఆ లెక్కన మన సాహిత్యం కూడా కొంత కొలిమి బాకీ పడి ఉన్నది.

చరిత్ర పుస్తకాలలో మాత్రం చాకుకు చోటు లేదు, బాకుకే చోటు. అందులోనూ విజయనగరం, శ్రీకాకుళం సీమల చరిత్ర ఒక బాకు చుట్టూ తిరిగినది. 1757 జనవరి 24న విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకొని బొబ్బిలి కోట మీద పడ్డాడు. ఫిరంగుల ముందు కోట నిలవలేదు. లోపల స్త్రీలు, పిల్లలు శత్రువు చేతికి చిక్కరాదని వారిని తమవాళ్ళే కడతేర్చారు. రంగారాయుడు పోరాడుతూ పడిపోయాడు. ఆ తర్వాత మూడవ రాత్రి బొబ్బిలి మనుషులు విజయరామరాజు గుడారంలోకి చొరబడి బాకులతో పొడిచి చంపారు. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఆ శరీరం మీద 32 గాయాలు లెక్క చెప్పాడు. మన జానపదులకు ఆ లెక్కతో పని లేదు. వాళ్ళకు ఆ చేయి రాజాం నుంచి వచ్చిన తాండ్ర పాపారాయుడిది, అంతే.

ఈ కథను మనం ఎన్ని విధాల గుర్తుపెట్టుకున్నామో చూడండి. బుర్రకథ ఉన్నది, నాటకాలు ఉన్నవి, 1964లో సినిమా వచ్చినది. బొబ్బిలిలో 1891లో నిలిపిన యుద్ధ స్మారక స్తంభం ఉన్నది. విజయరామరాజు చెల్లెలని చెప్పుకొనే పైడితల్లికి విజయదశమి వెళ్ళిన మంగళవారం నాడు విజయనగరంలో సిరిమాను ఎత్తుతున్నారు. ఇన్ని గుర్తులలో ఆ బాకును చేసిన కమ్మరికి ఒక్క గుర్తు లేదు. ఫిరంగులు గెలిచిన యుద్ధాన్ని మూడవ రాత్రి తలకిందులు చేసినది జానెడు ఇనుము. దాన్ని కాల్చినవాడు, సాగగొట్టినవాడు, పదును పెట్టినవాడు ఎవరో ఒకరు ఉండి ఉండాలి కదా! గురుతు వేయని కత్తులు మన సీమలో ఇవాళ మొదలైనవి కావు.

ఇక పెద్ద కత్తి ఎలా పోయినదో చూద్దాం. చేతకాక పోలేదు. బొబ్బిలి యుద్ధం జరిగిన ముప్ఫయి ఏడేళ్ళకు, 1794 జూలై 10న, పద్మనాభం దగ్గర చిన విజయరామరాజు కుంపిణీ సైన్యానికి ఎదురు నిలిచి ప్రాణాలు విడిచాడు. బాకీ పడిన పేష్కషు చెల్లించమనీ, సైన్యాన్ని తగ్గించుకోమనీ కుంపిణీ పట్టుపట్టగా వచ్చిన తగవు అది. ఆయన కొడుకుకు జమీందారీ తిరిగి దక్కినది గాని పాత బలగం దక్కలేదు. 1802లో శాశ్వత పైసలా వచ్చినది. అప్పటి నుంచి జమీందారు అంటే శిస్తు వసూలు చేసి కట్టే మనిషే. యుద్ధం చేయని సంస్థానానికి కత్తులు ఎందుకు? దసరా దర్బారులో ఒరలు తళతళలాడితే చాలును. ఒరకు కావలసినది కంసాలి పని, కమ్మరి పని కాదు.

ఆ మీదట 1878లో, లిట్టన్ వైస్రాయిగా ఉన్న కాలంలో, ఆయుధాల చట్టం వచ్చినది. తుపాకులతో బాటు కత్తులు, బాకులు, ఈటెలు, ఈటె మొనలు, విల్లంబులు కూడా ఆ చట్టంలో ఆయుధాల కిందే లెక్క. చేయటానికీ, అమ్మటానికీ లైసెన్సు కావాలి. ఆ పట్టీలో కొడవలి పేరు లేదు. బ్రతకదలచుకున్న కమ్మరికి దారి ఎటున్నదో చట్టమే చూపించినది. బాకు చేయగల చేయి కొడవలి పళ్ళు కొట్టుకుంటూ కూర్చున్నది.

ఇదే కాలంలో జపానులో జరిగినది తెలుసుకోదగినది. మన చట్టానికి రెండేళ్ళ ముందు, 1876లో, అక్కడి ప్రభుత్వం సమురాయిలు ఖడ్గం ధరించి బయట తిరగటాన్ని నిషేధించినది. ఖడ్గాలకు గిరాకీ పడిపోయినది. కమ్మరులు వంటకత్తుల వైపు, వడ్రంగి పనిముట్ల వైపు మళ్ళారు. 1890లలో మికి అనే ఊరిలో హిగొనొకామి అనే మడతకత్తి పుట్టినది. రేకును మడిచి చేసిన పిడి, ఒక మేకు, ఒక అలుగు. స్ప్రింగు లేదు, తాళం లేదు. బడిపిల్లలు దానితోనే పెన్సిళ్ళు చెక్కుకున్నారు. 1960లో అసనుమా అనే రాజకీయ నాయకుణ్ణి ఒక పదిహేడేళ్ళ కుర్రవాడు సభావేదిక మీదనే పొట్టికత్తితో పొడిచి చంపాడు. పిల్లల చేతుల్లో పదునైనది ఏదీ ఉండరాదని ఉద్యమం లేచినది. చంపినది ఖడ్గం జాతి కత్తి, శిక్ష పడినది పెన్సిలు చెక్కే కత్తికి. ఆ వ్యాపారం బాగా కుంగిపోయినది గాని హిగొనొకామి పూర్తిగా పోలేదు. ఇవాళ సేకరణ చేసేవారు దాని సాదాతనాన్నే చూసి కొంటున్నారు.

ఈ సంగతి మా కమ్మరి తాతకు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "ఆళ్ళకి కొనేవోళ్ళున్నారు కదా బాబూ," అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. పోలిక చెప్పటం తేలిక, పొయ్యి వెలిగించటం కష్టం.

కొనేవాళ్ళు లేకపోవటానికి మన వైపు వేరే కారణాలు ఉన్నవి. మొదటిది ఇనుము. ఒకప్పుడు తెలుగునేల ఉక్కుకు దేశదేశాల పేరు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు కోసం ఇరాను వర్తకులు వచ్చి కాచుకొని కూర్చునేవారు. ఆ పద్ధతిని హెన్రీ వాయిసీ అనే వైద్యుడు చూసి రాసిన వివరం 1832లో అచ్చయినది. మన ఉత్తర కోస్తా పల్లెల కమ్మరులకు ఆ ఉక్కుతో సంబంధం ఉన్నదని నేను అనటం లేదు. అయితే ఉక్కు గుణం మనదేశంలో బాగా ఎరిగినదే. 1790లలో భారతదేశం నుంచి వెళ్ళిన ఉక్కు ముద్దలను లండనులో పరీక్షకు పెట్టారు. 1795లో జార్జి పియర్సన్ రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసంలో ఆ వివరం ఉన్నది. ఆ ఉక్కు సత్తా తేల్చటానికి స్టొడార్ట్ అనే లండను కత్తుల పనివాడు ఏమి చేశాడో తెలుసునా? ఖడ్గం కాదు. కలం చెక్కుకొనే చిన్న చాకు! దాన్ని 450 ఫారన్‌హీటు డిగ్రీల దగ్గర, అంటే సుమారు 232 సెల్సియసు దగ్గర, పదును పెట్టాడు. అది వాళ్ళ మేలురకం ఉక్కు చాకులతో సమానంగా కోసినది. ఉక్కు మంచిచెడ్డలు తెలియాలంటే చిన్న సాదా అలుగును మించిన పరీక్ష లేదని ఆ పనివాడికి తెలుసు.

1893కూ 1896కూ మధ్య బెజవాడ నుంచి కటకం దాకా తీరం వెంట రైలుమార్గం పడినది. రైలుతో బాటు మిల్లు ఇనుము, విలాయతి చాకులు ఊళ్ళకు చేరినవి. ఇనుము కొరత తీరినది గాని చాకు గిరాకీ చీలినది. రెండవ కారణం మేర. పూర్వం కమ్మరికి కత్తికి ఇంత అని వెల ఉండేది కాదు. ఏడాది పొడుగునా రైతు నాగళ్ళ కర్రులు, కొడవళ్ళు సరిచేస్తే పంటనాడు కళ్ళంలో ధాన్యం కొలిచేవారు. అదే మేర. మేర ఉన్నంత కాలం కమ్మరి తీరికవేళ మూడు రోజులు కూర్చొని ఒక కొమ్ముపిడి కత్తి చేసుకోగలిగాడు. తండ్రి నాటి ఆ మెరుగు, ఆ ఇత్తడి పొన్నులు మేర గింజలు తిని పుట్టినవి. ట్రాక్టరు వచ్చినది, కర్రు పోయినది. కోతయంత్రం వచ్చినది, కొడవలి పోయినది. మేర ఎప్పుడో ఆగిపోయినది. కాబట్టి నగిషీ పోవటానికి కారణం విద్య తగ్గటం కాదు, తీరిక తగ్గటం. సాదా కత్తిలో విద్యను వెతికేవాడు ముందు ఈ లెక్క చూడాలి.

ఇటువంటి ఇరకాటంలో పడిన మరొక విద్య ఆ పక్కనే ఉన్నది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు తరతరాలుగా పనసమానుతో ఏకాండి వీణలు చెక్కుతున్నారు. పెద్ద వీణ కొనేవారు తగ్గగా, బహుమతులుగా ఇచ్చే బుల్లి వీణలు చేయటం మొదలుపెట్టారు. సన్మానసభలలో మీరూ చూసే ఉంటారు. అవి ఆ కుటుంబాలకు అన్నం పెడుతున్నవి, దానిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే బుల్లి వీణ పలకదు, చూడటానికే. వీణ చిన్నదైనప్పుడు నాదం పోయి నగిషీ మిగిలినది. మా తాత చేసిన కత్తిలో నగిషీ పోయి కోత మిగిలినది. ఈ రెండింటిలో ఏది విద్యకు ఎక్కువ నష్టమో నేను ఆయనకు చెప్పబోయాను గాని, ఇరుగుపొరుగు పనివారిని తక్కువ చేసినట్టు అవుతుందని ఆగిపోయాను.

ఆ కత్తి చేస్తుండగా చూశాను. లారీ కమాను పట్టీ ముక్క. పాత తిత్తుల స్థానంలో ఇప్పుడు కరెంటు పంకా. ముక్క ఎర్రబడగానే పట్టకారుతో దాగలి మీద పెట్టి, మనవడు సమ్మెట వేస్తుంటే తాను సుత్తితో దారి చూపించాడు. అలుగు వెన్ను నుంచి వాదరకు పలచబడింది. తోక సాగింది. తర్వాత ఆకురాయి. అప్పుడు మళ్ళీ కొలిమి. ఈసారి మంటను తగ్గించి, అయస్కాంతం ముక్క ఒకటి దగ్గర పెట్టుకున్నాడు. ఉక్కు తగినంత వేడెక్కితే అయస్కాంతానికి అంటదు. అంటనప్పుడు తీసి, వాడేసిన ఇంజను నూనెలో వాదరను ముంచాడు. అప్పుడది గాజులాగా పెళుసు. మెరిసేటట్టు రాయితో రుద్ది, వెన్నును మళ్ళీ నిప్పు మీద ఆనించాడు. రంగు వెన్ను నుంచి మెల్లగా పాకినది. వాదర దగ్గర ఎండుగడ్డి రంగు కనబడగానే నీళ్ళలో వేశాడు. ఆ ఎండుగడ్డి రంగు ఇంచుమించు స్టొడార్ట్ చెప్పిన వేడిమికే వస్తుంది. ఈయన దగ్గర ఉష్ణమాపకం లేదు. కన్ను ఉన్నది.

పదును అన్న మన మాటను ఇక్కడ తలచుకోవాలి. వాన వెలిసిన తర్వాత నేల దున్నటానికి తగిన తడి పదును. ఉక్కు గట్టిదనానికి, మెత్తదనానికి మధ్య నిలిచే స్థితి పదును. కోసే వాదరా పదునే. రైతుకూ కమ్మరికీ ఒకే మాట. ఒక క్షణం ముందైతే పెళుసు, ఒక క్షణం ఆలస్యమైతే మెత్తన. అదను తెలియనివాడికి పదును చిక్కదు. ఈ ఒక్క క్షణం కొమ్ముపిడి కత్తికి ఎంతో, సాదా కత్తికీ అంతే. కొమ్ము, ఇత్తడి ఉంటే కొన్నవాడు పదును సంగతి కొన్నాళ్ళు మరచిపోవచ్చును. ఈ కత్తికి ఆ ముసుగు లేదు. కోయకపోతే ఇందులో మెచ్చుకోవటానికి ఇంకేమీ లేదు. ఆయన తండ్రి నవ్వడని నాకు అనిపించినది ఇందుకే.

పట్నంవారికి ఒక భయం ఉంటుంది, కత్తి జేబులో పెట్టుకోవచ్చునా అని. 1878 నాటి చట్టం స్థానంలో 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చినది. దాని కింద 1962లో చేసిన నియమాలు ఆయుధ జాతి కత్తులకు తొమ్మిది అంగుళాల పొడుగు, రెండు అంగుళాల వెడల్పు కొలత పెట్టి, ఇంటిపనికీ సేద్యానికీ చేసినవాటిని విడిచిపెట్టినవి. ఇది మూడున్నర అంగుళాల పనికత్తి. విమానంలోకీ, సినిమాహాలులోకీ తీసుకుపోలేము. అది వేరే సంగతి.

రెండు వందల రూపాయలు పుచ్చుకొని కత్తి ఇచ్చేటప్పుడు ఇంకొకసారి అడిగాను, గురుతు వేయమని. ఆయన గురుతు ఒక చిన్న చుక్క, దాని పక్కన అర్ధచంద్రం. తండ్రిది, తాతదీ అదే. ఉలి చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ కింద పెట్టాడు.

"ఏడాది వాడండి బాబూ. సాన ఎన్నిసార్లు పట్టినారో గెవనం ఎట్టుకోండి. వొచ్చే దసరాకి అట్టుకొస్తే సూసి ఏత్తాను," అన్నాడు.

ఏడు నెలలు గడిచినవి. మామిడికాయలు, పురికొసలు, పెన్సిళ్ళు, ఒకసారి మా వీధి కొబ్బరిమట్ట కూడా దీనితో కోశాను. సాన రెండుసార్లు పట్టాను. పిడి చేతి చెమటకు నల్లబడుతున్నది. మీ ఇళ్ళలో అటక మీదనో, పాత పెట్టెలోనో ఇటువంటి కత్తి ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని మీ ఊళ్ళో ఏ పేరుతో పిలిచేవారో, ఎవరు చేశారో పెద్దవాళ్ళను అడిగి రాసి పెట్టండి. దసరాకు నేను బొబ్బిలి వెళుతున్నాను.